పద్దెనిమిది రాత్రులు

మా హూసవిక్‌లో వేడినీళ్లు పొయ్యి మీంచి రావు,
నేల కడుపులోంచి వస్తాయి, గంధకం కంపుతో.
కుళాయిని నమ్మకూడదని
నాకు తెలిసింది మొదటి రిటైనర్ పోయాకే.
మంచి చేద్దామనే పట్టాను దాన్ని ధార కింద.
వేడికి ముడుచుకుని
ఎవరివో తెలియని పళ్ల అచ్చయి కూర్చుంది.

హావర్దుర్ ఏమీ అనలేదు.
నలభై ఆరేళ్లకు పళ్లు సరిచేయించుకున్న మనిషి,
పడవలో అందరూ ఆటపట్టిస్తే
నోరు తెరవకుండా నవ్వినవాడు,
చలికాలపు కాడ్ వేట కూలిలో సగం పోసి
రెండోది చేయించుకున్నాడు.

ఇప్పుడు నాకు చేతనవును.
గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్.
పేస్టు వద్దు, గీతలు పడతాయి.
తెల్లటి పొర కడితే కాసేపు వెనిగర్‌లో.
తడి ఆరాకే డబ్బా మూత,
నీలం డబ్బా, మూత మీద గోరుతో గీకిన హ.

మొన్న వేటకెళ్తూ బేసిన్ అంచున మర్చిపోయాడు.
చీకటి పడని పద్దెనిమిది రాత్రులు
ఎవరూ పెట్టుకోనిదాన్ని కడుగుతూనే ఉన్నాను.
ఎందుకో అడక్కండి.

వచ్చాడు. పెట్టుకున్నాడు. పట్టలేదు.
"కదిలింది," అన్నాడు,
అద్దం ముందు బొటనవేలితో నొక్కుతూ.
పై వరసలో ఎడమ కోర
పక్కదాని మీదికి కాస్త ఒరిగి
పాత ఇంటి దారి వెతుక్కుంటోంది.

"రేపే డాక్టరు దగ్గరికెళ్లు," అన్నాను, గట్టిగానే.
కిటికీ తెర లాగి
గోడవైపు తిరిగి నవ్వుకున్నాను.
ఇరవై ఏళ్ల కింద, రేవులో,
నన్ను ముందు పలకరించింది
ఆ వంకర పన్నే.