నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు

మా గుంటూరులో వీధిని లైను అంటారు.
బ్రాడీపేట నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
రెండంకెల్లో ఒకటి తప్పినా
కొరియర్ కుర్రాడు నా పొట్లాన్ని ఎవరి గుమ్మంలోనో పెట్టి
ఫొటో తీసుకుని పోతాడు.
ఇది తెలిసినవాణ్ణి.
పైగా దస్తావేజు లేఖరిని, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా.
తూర్పు: ఫలానావారి దొడ్డి. దక్షిణం: పంచాయతీ డొంక.
హద్దులు రాయకుండా ఒక్క సెంటు చేతులు మారనివ్వలేదు.

ఆ నేను,
మూతపడ్డ యానిమేషన్ కోచింగ్ సెంటర్లో
షేక్ బాజీ గుత్తగా కొన్న గ్రాఫిక్ కార్డులు
నాలుగు బేరమాడి తెచ్చి,
మేడమీద పాత నకళ్ళ బీరువా పక్కన బిగించి,
సాఫ్ట్‌వేర్ దించుకుని,
"అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కి
కిందికొచ్చి పెరుగన్నం తిన్నాను.

నలభై మూడు రోజులు తవ్వాయి.
గునపం లేదు, మట్టి లేదు,
లెక్క మీద లెక్క, వేడి మీద వేడి.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగిన రాత్రి
ఘాటు పీల్చి ఫ్యాన్లు కూడా దగ్గినట్టే ఉండేది.
తెర మీద పచ్చటి వరసలు:
ఆమోదం, ఆమోదం, ఆమోదం.
సబ్ రిజిస్ట్రార్ కూడా ఇంత చకచకా ఒప్పుకోడే అని
మురిసిపోయాను.

కరెంటు బిల్లు వచ్చింది.
మా శేషారత్నం దాన్ని మడవకుండా
కంచం పక్కన పెట్టింది. ఏమీ అనలేదు.
నా ఖాతా చూస్తే సున్నా.
సున్నా పక్కన చుక్క. చుక్క తర్వాత ఎనిమిది సున్నాలు.

బాజీ వచ్చాడు. తెర వంక చూడనైనా లేదు.
"కాగితం చదివారా లేఖరి గారూ?"
ఏ కాగితం?
"దాంతోపాటే వచ్చిందిగా."

పదకొండు పేజీలు.
రిజిస్ట్రాఫీసు ఎదురు జిరాక్సులో అచ్చు తీయించి
ఎర్ర పెన్నుతో, నిఘంటువు పక్కన పెట్టుకుని,
తగాదా ఉన్న ఆస్తి పత్రం చూసినట్టు చూశాను.
సెట్టింగుల ఫైలు. పద్నాలుగో లైను.
చెల్లింపు చిరునామా.
అక్కడున్న పొడుగాటి అక్షరాల దండ నాది కాదు,
ప్రోగ్రాం రాసినవాడిది.
"ఇది నమూనా మాత్రమే. మీది రాసుకోండి.
రాయకపోతే వచ్చింది మాకే చేరుతుంది."
దాచలేదు, గొణగలేదు,
మొదటి పేజీలోనే, లావు అక్షరాల్లో.
దొంగ అని తిట్టుకుందామంటే నోరు రాలేదు.

ఎవరతను, ఏ దేశమో.
నలభై మూడు రోజుల నా మేడమీది వేడి
అతనింట్లో ఎన్నిసార్లు టీ నీళ్ళు కాచిందో.

చిరునామా మార్చాను,
శేషారత్నం ఒక్కో అక్షరమే పలుకుతుంటే
నేను వేలుపెట్టి సరిచూసుకుంటూ.
అక్కడ ఆగకుండా కింది లైనూ చదివాను.
కనీస చెల్లింపు: ఇంత పోగయ్యేదాకా పైసా కదలదు.
ఆ "ఇంత" నా నాలుగు కార్డులకు
పదిహేడేళ్ళ పని.
అదీ వాళ్ళు ముందే పెట్టి ఉంచిందే.
అదీ మార్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు గురించి కాదు.
నేను రాసే ప్రతి దస్తావేజు చివరా ఒక వాక్యం ఉంటుంది.
మూసలో ముందే ఉంటుంది, నేను ముట్టుకోను:
"యావత్తూ చదివి వినిపించగా విని, సమ్మతించి చేసిన చేవ్రాలు."
ఎవరికి వినిపించాను?
బొటనవేలు పట్టుకుని నొక్కించడమేగా,
"ఇక్కడ, ఇక్కడ, ఇంకోటి ఇక్కడ."

పొద్దున ఏటుకూరు నుంచి దాసరి వీరమ్మ వచ్చింది,
ఐదు సెంట్లు అమ్మడానికి.
కళ్ళజోడు తుడుచుకుని మొదలుపెట్టాను, పైకి.
వెనక ఆరుగురున్నారు.
కొనేవాడు ఫోన్లో టైము చూపించాడు.
ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని వింటోంది.
తూర్పు అయింది, దక్షిణం దాటాం,
పడమర దగ్గర చెయ్యెత్తింది.

"ఆగయ్యా.
ఆ బోరు నేనెప్పుడమ్మానూ?"