రశీదు బుక్కు లేకుండ

మూడేండ్లు నేను
బియ్యం డబ్బా అడుగు కనవడ్డ నాడే
మనుషుల ఇండ్లకు పోయిన.

కోస్గి బస్టాండు కాడ గాజుల ఖాజాబీ,
సిమెంటు దుకాణం రఘోత్తం సేటు,
కరెంటాఫీసుల రిటైరైన లైన్‌మన్ మొగులప్ప.
నా నోటుబుక్కుల వాళ్లు మనుషులు గారు,
యాభై ఒకటి, ఐదు వేలు, ఐదు వందలు.

కార్తీకం దాటంగనే
ఊర్లకు ఊర్లు మూటలు గట్టి
పూణె దిక్కు, బొంబాయి దిక్కు బస్సెక్కుతయి.
మిగిలిన పిల్లలు ముప్పై నాలుగు మంది
మా రెండర్రల హాస్టల్ల చాపలు పరుస్తరు.
అమ్మనాయినలు ఇటుకలు మోసి తిరిగొచ్చేదాక
వాళ్ల పలకలు, వాళ్ల పేలు, వాళ్ల జ్వరాలు
నావి.

ఆ ఏడు మాఘంల
మొగులప్ప గేటు తీయకముందే
లోపలికెల్లి గొంతు:
"ఏమమ్మా, బియ్యం ఒడిసినయా?"
కోపం లేదు అందుల. ఎక్కిరింపు గూడ లేదు.
గడియారం గంట కొట్టినట్టు అన్నడు, అంతే.
ఆ నోటు తీసుకున్న చెయ్యి
ఇంటికొచ్చి రెండు సార్లు కడుక్కున్న.

అదే వారం సేటు ఐదు బస్తాలు పంపిండు,
బస్తాలకంటె పొడుగు ఫ్లెక్సీ పంపిండు.
ఫోటోకు నిలవెడితే సవారమ్మ
పళ్లెం అడ్డం వెట్టుకున్నది మొఖానికి.
రాత్రి ఇంకింత పప్పు అడిగినట్టే అడిగింది,
"అక్కా, మనం అడుక్కుంటున్నమా?"
జవాబు చెప్పలేదు నేను.
ఇప్పటికీ చెప్పలేదు.

ఒకనాడు రశీదు బుక్కు ఇంట్లనే వెట్టి
మొగులప్ప గేటు తీసిన.
ఆయన చెయ్యి జేబు దిక్కు వోయింది, అలవాటు.
"పైసలకు రాలేదు పెద్దనాయినా."
ఎట్ల కూసోవాల్నో తెల్వలే ఇద్దరికీ.
చాయ్ వచ్చింది.
కప్పు చుట్టు ఈగ ఒకటి తిరిగింది.

చెప్పిన:
పుష్యంల మీరిచ్చిన ఐదు వందలు
తాయప్ప కండ్లద్దాలైనయి.
బోర్డు మీద తెల్లగ ఏమో రాస్తరని
అందరు అంటుంటె అబద్ధమనుకున్నడట వాడు.

చెప్పొద్దనుకున్నది గూడ చెప్పిన:
అంతకు ముందు మీరిచ్చినయి, ఖాజాబీ ఇచ్చినయి కలిపి
పాత మోటరు కొన్న.
పదకొండో రోజు కాలింది.
పిల్లలు బిందెలతోటి మోస్తున్నరు.
లెక్కల "మరమ్మతు" అని రాసి కప్పి వెట్టిన.

ముసలాయన కప్పు కింద వెట్టిండు.
ఇగ తిడుతడనుకున్న. తిట్టిండు.
"ముప్పై ఒక్క ఏండ్లు స్తంభాలెక్కినోన్ని.
మోటరు కాలితె నాకు జెప్పక
ఎవరికి జెప్తవు పిల్లా?
నా తాన నీకు పైసలొక్కటే కనవడ్డయా?"

ఆదివారం వచ్చిండు,
రాగి తీగ చుట్ట భుజానికేసుకొని.
అద్దాలు ముక్కు మీదికి జారుతుంటె
తాయప్ప టెస్టర్ పట్టుకున్నడు.
పగటీలి వరుసల కూసుండి
జొన్నరొట్టె, పుంటికూర తిన్నడు పెద్దాయన.
ఎవ్వరూ ఫోటో తియ్యలేదు.
మోటరు పొద్దు గూకేదాక దగ్గి దగ్గి
ఆఖరికి నీళ్లు కక్కింది.

ఇప్పుడు రశీదు వెనక
ఖాళీల రెండు ముక్కలు రాస్త.
ఖాజాబీకి రాసిన:
"నీ యాభై ఒకటికి సబ్బులు మూడొచ్చినయి,
ఒకటి ఎలుక కొరికింది."
బస్టాండంత వినవడేటట్టు నవ్విందట.
తెల్లారి ఎలుకల బోను పంపింది.
ఆమె మోకాలు వాచిందని తెలిసి
నూనె సీస పట్టుకొని పోయిన,
చందాకు ఇంకా పన్నెండు రోజులుంది.

సేటు ఫ్లెక్సీ
వానకు వంటింటి మీద కప్పినం,
ఆయన నవ్వు లోపలి దిక్కు.
ఆయన ఇంటికి ఉత్త చేతులతోటి పోవాలంటె
నాకింకా భయమే.

డబ్బా అడుగు ఇంకా కనవడుతనే ఉంటది.
నిన్న ఫోను మోగింది:
"బియ్యం ఒడిసినయా?"
అదే మాట, అదే గొంతు.
ఈసారి గేటు అవుతల ఆయనే ఉన్నట్టు.
"నాలుగు రోజులకున్నయి పెద్దనాయినా."
"సరె. మరి మోటరు?"