గాజుపలక

తెల్లవారుజామున నాలుగింటికి ఎర్మెలిందా
ఫిక్సర్‌లోంచి గాజుపలకను పైకెత్తింది.
చీమకాలంత గీతలు, నాలుగు.
బయట ఆండీస్ మీద గాలి,
ఒవీదియో మాడ్చిన కాఫీ వాసన.

నిటారుగా ఉండాల్సిన గీత ఒరిగింది:
ఒక కొస మనవైపు వస్తోంది,
ఒకటి వెళ్ళిపోతోంది.
తిరగలి తిరుగుతోందన్నమాట. అంతవరకు లెక్క సరే.

నడిమధ్యన మాత్రం ఉబ్బింది,
మాట మింగిన గొంతులా.
అక్కడ వాయువుకి తిరగడం చాల్లేదు,
తన్నుకుని బయటికొస్తోంది
సెకనుకు నాలుగు వందల కిలోమీటర్లు.

పదివేల డిగ్రీలట. చెయ్యి పెడితే వెచ్చనైనా తగలదు,
పరమాణువుకీ పరమాణువుకీ అంత ఎడం.
ఒక్క దెబ్బ తిన్నాక
మళ్ళీ ఎవరూ తగలని ఆక్సిజన్
ఆగి ఆగి, తనంతట తానే వెలుగుతుంది.
భూమ్మీద ఏ సీసాలోనూ అంత ఖాళీ లేక
పుస్తకాలు దాన్ని నిషిద్ధ రేఖ అన్నాయి.

ఆ పేరుకు ఎర్మెలిందా నవ్వింది.
కొండ మీద ఆడవాళ్ళకు గది లేదంటే
మూడేళ్ళు గోదాములో మంచం వేసుకున్న మనిషి.

పలక ఆరాక, కవరు మీద పెన్సిలుతో:
"కేంద్రం కుదురుగా లేదు. మళ్ళీ చూడాలి."

ఒవీదియో, ఆ మాడిందే పొయ్యి, ఫరవాలేదు.