ఎంగిలి

కింగ్స్ లిన్‌లో, నది పక్క సందులో,
ఉన్నీ, ఉప్పు, ద్రాక్షసారా అమ్మినవాడి మేడ.
ఓక్ దూలాలు ఓడ కడుపులా వంగి ఉంటాయి.
మెట్లెక్కుతుంటే మైనం, తేమ, పాత ఎలుకల వాసన.

నా పని గోడ తుడవడం.
దూదిపుల్ల నాలుకకి తాకించి
మూడొందల ఏళ్ళ పొగని
రోజుకో జానెడు.
ఏ మందుకన్నా ఉమ్మే మేలంటుంది వినిఫ్రెడ్.
ఎంగిలి అని నేననలేదు,
అన్నా, ఆమె భాషలో దానికి మాట లేదు.

మొన్న పొగలోంచి ఒక రేవు తేలింది.
కింద వంకర అక్షరాల్లో మచిలీపట్నం.
తాటిచెట్లు తిరగేసిన చీపుళ్ళు.
గీసినవాడు ఈ ఊరి పొలిమేర దాటి ఉండడు,
ఇక్కడి బూడిద సముద్రానికే
కాస్త నీలిమందు కలిపాడు.

పడవలో సరుకు మోసేవాళ్ళు ఎనిమిది మంది.
మూటల మీద ముడులు కూడా లెక్కపెట్టొచ్చు.
మొదటివాడి మొహం కోసం
నాలుగు రోజులు తుడిచాను, నోరెండిపోయేదాకా.

"ఇక చాలు" అంది వినిఫ్రెడ్, దీపం దగ్గరగా పట్టి.
"అక్కడ మురికి లేదు. వెయ్యలేదు, అంతే."

ఆ పుల్లనే
మరిచిపోయి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాను.

సున్నం రుచి.