దిక్కు కుదిరేదాకా

ఎనుమాముల మార్కెట్ వెనక రోడ్డు, పొద్దున ఆరున్నర.
వ్యాను ఆపి, ఇంజను ఆపి,
ఊపిరి కూడా సగం ఆపి కూర్చున్నాం
నేను, ఫర్హీన్,
స్టీరింగు మీద చేతులు వదిలేసి ఓదెలు.

వెనక సీటు పీకేసిన చోట
నాలుగు బోల్టులతో బిగించిన పెట్టె,
టిఫిను డబ్బా అంత.
దానికి కిటికీ లేదు. ఎవర్నీ దారి అడగదు.
ఊరుకున్న చోట ఊరుకుని
కింద ఎటో తన బరువుతోనే పసిగడుతుంది.
అది సులువే. కింద ఎటో ఎవరికి తెలియదు,
పడ్డవాడికైతే మరీనూ.

ఉత్తరంతోనే చిక్కు.
భూమి తిరుగుడు గంటకు పదిహేను డిగ్రీలు,
గడియారం చిన్నముల్లు నడకలో సగం.
ఒళ్లంతా చెవి చేసుకుని
ఆ నడకని వినాలి పెట్టె.
పది నిమిషాలు కదపకండి చాలు, అంటుంది.

పది నిమిషాలు!
చపాట మిర్చి లారీ పక్కనుంచి పోయింది,
నేల వణికింది.
హమాలీ ఎవరో బస్తా దించాడు, ధడేల్మని.
ఘాటుకి ఓదెలు తుమ్మాడు.
తెరమీద ఉత్తరం
ఖమ్మం వైపు తిరిగి కూర్చుంది.

"ఉత్తరం దొరకట్లేదు" అన్నాను.
"పోస్టాఫీసు దాటొచ్చినం గద మేడం"
అన్నాడు ఓదెలు, నవ్వకుండా.

సరే, నిలబడి కుదరకపోతే
నడుస్తూ కుదుర్చుకోమందాం.
పైకప్పు మీది యాంటెన్నా నుంచి
ఒక తీగ లాగి పెట్టెకి తగిలించింది ఫర్హీన్,
ఎంత వేగంతో ఎటు పోతున్నామో పైనుంచి వినమని.
కాసేపే ఈ అప్పు. కుదిరాక పీకేస్తాం.

గూడెప్పాడ్ దాకా తాడు లాగినట్టు రోడ్డు.
మెల్లగా, సమంగా నడపమన్నాను.
ఇరవై ఏళ్లు కోడిగుడ్ల డీసీఎం తోలినవాడు,
ముల్లుని అరవై మీద అతికించాడు.
చాయ్ గ్లాసు పెట్టినా తొణకదు.
తెరమీద తప్పు మాత్రం
ఏడు డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది.
కిలోమీటరు రాళ్లు పోతున్నాయి, అది పోదు.
ఫర్హీన్ పెన్ను మూత కొరుకుతోంది.
మూడు రాత్రుల లెక్క అది.

ఆత్మకూరు దాటగానే గొర్రెల మంద.
ఓదెలు బ్రేకు తొక్కాడు.
నోటుబుక్కు ముందుకి, నా కళ్లద్దాలు ఒళ్లోకి,
పెట్టె మాత్రం బోల్టుల్లో పళ్లు బిగబట్టింది.
"తప్పైంది మేడం, గొర్లు..."

ఏడు కాదు, రెండున్నర.

కుదుపు తన ఒంట్లో ఎటు తగిలిందో పెట్టెకి తెలుసు.
అదే కుదుపు నేల మీద ఎటు పడిందో
పైనున్న తీగ చెప్పింది.
రెంటికీ మధ్య ఎంత ఎడముందో
అంతే దాని తప్పు.
నేరుగా, సమంగా పోయినంతసేపూ
పోల్చడానికి ఏమీ లేకపోయింది.

"ఓదెలూ, మళ్లీ తొక్కు."
నా మొహం చూశాడు.
"వంకర్లు కూడా తిప్పు. తాగినోడిలా."
ఇరవై ఏళ్ల చేతులు, మాట వినవు.
మొదటి వంపు సిగ్గుపడుతూ తిప్పాడు,
రెండోది కొంచెం, మూడోదానికి
పాలక్యాన్ల బండాయన పక్కకి తప్పుకుని
వాళ్లమ్మనీ మా అమ్మనీ కలిపి తిట్టాడు.
ఒకటి. సున్నా పాయింట్ ఆరు. మూడు.
ఫర్హీన్ పెన్ను మూత ఉమ్మేసింది.

కటాక్షపురం చెరువు దగ్గర తీగ పీకేశాం.
ఇక పైన ఎవరూ ఏమీ చెప్పరు.

కొంతదూరం పోయాక ఓదెలు అడిగాడు,
"అయితే నేను సక్కగ నడుపుడే తప్పన్నట్టా?"
ఏం చెప్పాలో తోచలేదు నాకు.
తనే అన్నాడు కాసేపటికి,
"గుడ్ల బండి కూడ గంతే.
గతుకుల పడితేనే తెల్సేది
ఏ ట్రే వదులున్నదో."

మల్లంపల్లి దాటాక చెట్లు దగ్గరికొచ్చాయి,
రోడ్డు మళ్లీ నిటారుగా సాగింది.
ముల్లుని అరవై మీదికి తెచ్చి
అద్దంలోంచి నా వంక చూశాడు.

"నేరుగానే పోనీ" అన్నాను.