రెండుసార్లు వచ్చిన మూడు

క్లయిపెడా రేవులో
అక్టోబరు ఆఖరి ఆదివారం
తెల్లవారుజామున మూడు రెండుసార్లు వస్తుంది.
చలికాలం కోసం గడియారాలు
ఒక గంట వెనక్కి నడుస్తాయి.
ఈ సంగతి క్యాంటీన్‌లో బీట్‌రూట్ చారు కాచేవాడికీ తెలుసు.
మా ప్రోగ్రాముకే తెలీదు.

మొదటి మూడూ పదికి ఓడెక్కిన లారీల మీద
రెండో మూడూ పదికి ఎక్కినవి వచ్చి కూర్చున్నాయి,
పలక మీద పాత లెక్క తుడిచి
కొత్త లెక్క వేసినట్టు.
పదిహేడు లారీలు, దుంగలతో సహా,
బరువు లేకుండా పోయాయి.
తెర పచ్చగానే ఉంది.
పచ్చగా ఉన్నదాన్ని ఎవరూ రెండోసారి చూడరు.

బ్రోనె చూసింది.
ముప్పై ఏళ్లుగా ఓడల తాళ్లు కట్టి విప్పే మనిషి.
ఓడ పొట్ట మీది తెల్లగీత కోసం
టార్చి వేసి వెతికింది.
గీత నీళ్లలో ఉంది.
"మీ కంప్యూటరు ఏమన్నా అననీ,
నీళ్లకు మొహమాటం లేదు" అని
తాడు విప్పనంది.

నలభై నిమిషాల ఆలస్యం. అంతకుమించి ఏమీ కాలేదు.
అయినా కమిటీ వేశారు.
కారణం దొరికిందన్నారు:
రెండువందల పన్నెండో వరుస.

వరుసదేముంది పాపం.
పదకొండేళ్ల కింద వైదోతస్ రాశాడు దాన్ని.
పక్కనే ఒక మాట:
"దీన్ని ముట్టుకోవద్దు, ఎందుకో తర్వాత చెప్తా."
చెప్పకుండానే వేరే కొలువుకు పోయాడు.
నాలుగేళ్లు ఆ కుర్చీని ఖాళీగా ఉంచి
మిగిలిన జీతాన్ని పొదుపు కింద చూపించారు.
పరీక్షలకు ఆరు రోజులు అడిగితే
రోజున్నర ఇచ్చారు.
తూతూమంత్రంగా కానిచ్చాం.
పైనుంచి తొందర,
ఆ పైవాళ్లకు ఇంకా పైనుంచి.

ఉగ్నె అని కొత్త పిల్ల,
చేరి మూడు వారాలు కాలేదు,
మీటింగు చివర్లో చెయ్యెత్తింది:
"అక్టోబరులో మూడు రెండుసార్లు వస్తుంది కదా?"
ఎవరో నవ్వారు.
ఎవరో కోటు అందుకున్నారు.
ఆ ప్రశ్నకు ఎదురుగా మినిట్స్ పుస్తకంలో
"తర్వాత చూద్దాం" అని ఉంది.

కమిటీ నివేదికలో ఆ పేజీ లేదు.
ఎవరూ అడగలేదు, నేనూ ఇవ్వలేదు.
ఆ చేతిరాత నాది.

ఇప్పుడు వరుస సరిచేశారు.
వచ్చే నెల బ్రోనె రిటైరవుతోంది,
ఆమె నిలబడే చోట సెన్సరు పెడతారట.
"విప్పను అని అది కూడా అనగలదా?
అంటే ఎవరు వింటారు?"
ఉగ్నె మళ్లీ అడిగింది.

ఈసారి ప్రశ్నను పూర్తిగా రాశాను,
తేదీ వేసి, ఆమె పేరుతో.
కింద నాలుగు గీతలంత చోటు వదిలాను.