ఎన్నో మెట్టు

కాగితం మీద నిచ్చెన బొమ్మ.
అడుగున సున్నా, కొసన పది.
"మీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీదుందో
వేలు పెట్టి చూపించండి" అని అడగాలి నేను.
పక్కవాళ్ల మాట కలవకూడదు, అది నిబంధన.

ఇసిక్ కుల్ సరస్సు ఒడ్డున ఆప్రికాట్లు కోసే రోజులు.
బురుల్సున్ నా బొమ్మని ఎండకేసి పట్టి చూసింది.
"నిచ్చెన బాగానే ఉంది.
కింద పట్టుకునే మనిషేదీ?"

నా కాగితంలో ఆ గడి లేదు.

మంచు కరగని మార్చిలో మొగుడు పోయాడట.
పొయ్యి ఎవరొచ్చి వెలిగించారో తెలీదు,
తను లేచేసరికి మండుతోంది.
ముంగిట్లో గుడారం లేచింది,
నలభై టీ గిన్నెలు వచ్చాయి,
ఎవరివి ఎవరివో తెలియడానికి
అడుగున ఇంటికో రంగు చుక్క.
కాలువ నీళ్ల దగ్గర తగువుపడి
పదకొండేళ్లుగా మాటల్లేని జూరా కూడా వచ్చింది.
ఓదార్చలేదు. మొహమైనా చూడలేదు.
చన్నీళ్లకి చేతులు కమిలేదాకా గిన్నెలన్నీ కడిగి,
తడి చేతులు దులుపుకుంటూ వెళ్లిపోయింది.

"ఇప్పుడు రోజూ పోట్లాడుకుంటున్నాం" అంది బురుల్సున్
పండు చీల్చి గింజ తీస్తూ.
"రాత్రి దాని కిటికీలో దీపం ఆరాకే
నాకు కన్ను మూతపడుతుంది.
అదేం జబ్బో."

అంకె కావాలమ్మా, అన్నాను.

ఆమె గోడ వైపు తిరిగింది.
"ఒసే జూరా! నేనెన్నో మెట్టు మీదున్నానే?"
అవతల చీపురు చప్పుడు ఆగింది.
"ఆరు!"
కాసేపటికి మళ్లీ:
"నిన్న పగలంతా మంచం దిగలేదుగా. ఆరే!"

"దానికి లెక్కలు రావు. నువ్వు ఏడు వెయ్యి."

నిబంధన ప్రకారం ఆ జవాబు చెల్లదు.
ఏడు వేశాను.

"మరి నీదో?" అంది, దోసిట్లో పళ్లు పోస్తూ.
శిక్షణ రోజున నాకు నేను ఎనిమిది వేసుకున్నాను.
ఎవర్నీ అడగలేదు.
అడగడానికి ఎవరున్నారన్నది
బస్సు కొండ మలుపులు దిగుతుంటే గానీ తట్టలేదు.

బిష్కెక్‌లో నాలుగో అంతస్తు, అద్దె గది.
ఆ రాత్రి పళ్ల సంచీ ఒళ్లో పెట్టుకుని
పక్కింటి గోడ మీద రెండుసార్లు తట్టాను.

అవతల టీవీ గొంతు తగ్గింది.
తగ్గించమన్నాననుకున్నారు కాబోలు.

సంచీ పట్టుకుని లేచాను,
చెప్పుల కోసం వెతుకుతూ.